పుస్తకానికి కాళ్లొచ్చిన కాలం

జీతాల్లేవు, సర్కారు గ్రాంట్లు లేవు, సొంత భవనం అసలే లేదు. అయినా తెలుగునాట ఊరూరికీ పుస్తకం నడిచి వెళ్లింది. దాన్ని నడిపించింది 1914లో బెజవాడలో పుట్టిన ఒక సంఘం. ఆ స్వచ్ఛంద సేన కథే ఈ వారం ముఖచిత్ర కథనం.

కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువే రహదారి. ధాన్యం బస్తాలు, ఉప్పు, కాపురానికి వెళ్లే కొత్త పెళ్లికూతురు, కోర్టు వాయిదాకి బయల్దేరిన పెద్దమనిషి... అందరూ పడవెక్కాల్సిందే. గాలి కలిసొస్తే తెరచాప, రాకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. లాకు దగ్గర నీళ్లు సమానమయ్యేదాకా పడవ ఆగుతుంది. అందాకా ఊళ్లో సంగతులన్నీ పడవలోకొస్తాయి.

1935లో ఆ కాలువ మీదికి కొత్త సరుకొకటి వచ్చింది. డబ్బిచ్చి కొనక్కర్లేదు. చదువుకుని తిరిగిచ్చేస్తే చాలు. గుంటూరు జిల్లా పెదపాలెంలోని సేవాశ్రమం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య నడిపిన పడవ గ్రంథాలయం అది. దాని వెనకున్న మనిషి పాతూరి నాగభూషణం. అప్పటికాయన వయసు ఇరవై ఎనిమిది.

చదివేవాడు గ్రంథాలయందాకా రాలేకపోతే గ్రంథాలయమే అతని రేవుకు రావాలి. వినడానికి ఇంతే. కానీ ఈ ఒక్క మాట చుట్టూ రెండు దశాబ్దాలుగా ఒక సంఘం తిరుగుతూ వచ్చింది. బడిపంతుళ్లు, ప్లీడర్లు, పత్రికలవాళ్లు, చిన్న జమీందార్లు, వ్యాపారుల పిల్లలు తమ తమ పనులు చూసుకుని మిగిలిన పొద్దంతా దానికిచ్చారు. దాని పేరు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం.

తాళం వేసిన కొట్టు నుంచి తలుపు తీసిన గుడికి

సంఘం పుట్టకముందు పుస్తకాలు లేవని కాదు. కోటల్లో ఉన్నాయి, మఠాల్లో ఉన్నాయి, పండితుల అటకల మీద తాటాకు కట్టలుగా ఉన్నాయి. ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, అదే చిక్కు. ఆ రోజుల్లో వాడిన మాట చూడండి: పుస్తక భాండాగారం. భాండాగారమంటే కొట్టు. కొట్టుకు తాళం ఉంటుంది. తాళంచెవి ఎవరిదగ్గరుందన్నదే అక్కడ పెద్ద సంగతి.

ఆ తాళం తీసే పని అక్కడొకరు ఇక్కడొకరు మొదలుపెట్టారు. విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి అనే బడిపంతులు 1886లో ప్రజలందరి కోసం గ్రంథాలయం తెరిచారు. భీమవరం దగ్గర కుముదవల్లి అనే పల్లెలో 1897లో వీరేశలింగ కవి సమాజం పేరుతో ఒకటి వెలిసింది. మరుసటేడు రాజమండ్రిలో వాసురాయ గ్రంథాలయం. బెజవాడలో 1903లో మొదలైన ధర్మ పుస్తక భాండాగారం తర్వాత రామమోహన గ్రంథాలయమైంది. ఇవన్నీ దేనికదే దీవి. కుముదవల్లిలో ఏ పుస్తకం ఉందో బెజవాడకు తెలీదు. ఒక ఊరి గ్రంథాలయం మూతపడితే పక్క ఊరికి కబురైనా ఉండదు.

ఈ దీవులకు వంతెన కట్టాలన్న పట్టుదల అయ్యంకి వెంకట రమణయ్యది. తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో 1890లో పుట్టారు. 1907లో వందేమాతరం ఉద్యమ నాయకుడు బిపిన్‌చంద్రపాల్ తెలుగు పట్నాల్లో చేసిన ఉపన్యాసాలు ఒక తరాన్నే కదిలించాయి. ఆ తరం మనిషే అయ్యంకి. ఇరవై ఏళ్లకే ‘ఆంధ్రభారతి’ అనే సచిత్ర మాసపత్రిక పనిలో దిగారు. రామమోహన గ్రంథాలయాన్ని భుజాన వేసుకున్నారు. దేశంకోసం కొందరు బాంబు పట్టుకుంటే, కొందరు రాట్నం పట్టుకుంటే, ఆయన పుస్తకం పట్టుకున్నారు. ఎనభై తొమ్మిదో ఏట కన్నుమూసేదాకా వదల్లేదు.

1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో తెలుగు జిల్లాల గ్రంథాలయ ప్రతినిధులంతా కలిశారు. ఆ రోజు గుడ్‌ఫ్రైడే. బడులకూ కచేరీలకూ సెలవు. సెలవురోజును సంఘసేవకు రాసిచ్చే అలవాటు ఆ తొలి సభ నుంచే పడిందన్నమాట. అక్కడే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. సూరి వెంకట నరసింహశాస్త్రి, అయ్యంకి దానికి కార్యదర్శులు. ఆ తర్వాత పేరులోని ‘భాండాగారం’ జారిపోయి ‘గ్రంథాలయం’ నిలబడింది. కొట్టు కాస్తా గుడి అయింది. గుడికి తాళం ఉన్నా అది రాత్రి పూటకే. పొద్దున్నే తలుపు తీయాల్సిందే, వచ్చినవాళ్లందరికీ దర్శనమివ్వాల్సిందే.

చదివి వినిపిస్తే చదువుకున్నవాడు

ఆ తొలి సభకు అధ్యక్షుడెవరో తెలుసా? చిలకమర్తి లక్ష్మీనరసింహం. ‘గయోపాఖ్యానం’, ‘గణపతి’ రాసిన మహానుభావుడు. చిన్నతనం నుంచీ ఆయనకు చూపు మందం. సహాధ్యాయులు పాఠాలు చదివి వినిపిస్తే విని, మనసులో పెట్టుకుని పరీక్షలు గట్టెక్కారు. తర్వాత చూపు పూర్తిగా పోయింది. ‘ఆంధ్ర మిల్టన్’ అన్నారు ఆయన్ని.

పుస్తకాల సభకు పుస్తకం కళ్లారా చూసి చదవలేని మనిషిని పెద్దగా కూర్చోబెట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ సంఘం ముందున్న అసలు సమస్యకు అంతకంటే మంచి ప్రతినిధి దొరకరు. నూటికి తొంభై మందికి పైగా అక్షరం రాని దేశమది. గ్రంథాలయం పెట్టి తలుపులు తెరిచినంత మాత్రాన ఎవరొస్తారు? వచ్చి ఏం చేస్తారు? చిలకమర్తికి తోటి కుర్రాళ్లు చేసిన పనే ఊరికంతటికీ ఎవరో ఒకరు చేసిపెట్టాలి. అంటే చదివి వినిపించాలి.

అందుకే సంఘం నమూనాలో గ్రంథాలయమంటే బీరువా ఒక్కటే కాదు. పగలు పుస్తకాలిచ్చే చోటే రాత్రి లాంతరు కింద బడి. అరుగు మీద పత్రిక చదివితే వినేందుకు పదిమంది. పురాణం వినడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. రచ్చబండ మీద భారతం విన్న చెవులే ఇప్పుడు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక విన్నాయి. ‘గ్రంథాలయ యాత్ర’ల పేరుతో కార్యకర్తలు జట్లుగా పల్లెలు తిరిగారు. తీర్థయాత్రకు వెళ్లేవాడు దేవుణ్ని చూడ్డానికి వెళ్తాడు, ఈ యాత్రలో దేవుడే సంచిలో కూర్చుని భక్తుల ఇళ్లకు వెళ్లాడు.

ఇదంతా ఊళ్లవాళ్లు ఒకరి అనుభవం ఇంకొకరికి చెప్పుకుంటేనే సాగే పని. దానికోసం 1915లో ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక మొదలైంది. గ్రంథాలయాల కోసమే భారతీయ భాషల్లో వెలువడిన తొలి పత్రికల్లో అది ముందు వరసలో ఉంటుంది. ఏ ఊళ్లో గ్రంథాలయం పెట్టారు, పుస్తకాలు ఎలా వర్గీకరించాలి, సభ్యత్వం ఎలా రాబట్టాలి, ఇలాంటివన్నీ అందులో. మధ్యమధ్య ఆగింది, మళ్లీ లేచింది. డబ్బుల్లేని మనుషుల పత్రిక ఆగకుండా నడిస్తేనే ఆశ్చర్యపోవాలి. గ్రంథపాలకులకు శిక్షణ తరగతులూ సంఘమే నడిపింది. పుస్తకమ్మీద ప్రేమ ఉంటే చాలదు, పుస్తకం ఏ అరలో ఉందో క్షణంలో చెప్పగలగాలి మరి.

అక్కడ రాజు, ఇక్కడ రైతు

దేశంలో అప్పటికి గ్రంథాలయాలకు పెద్ద పేరు బరోడాది. మూడో సయాజీరావు గైక్వాడ్ అమెరికా వెళ్లి అక్కడి గ్రంథాలయాలు చూసి ముచ్చటపడి, 1910లో విలియం బోర్డెన్ అనే నిపుణుణ్ని రప్పించి సంస్థానమంతా గ్రంథాలయాల వ్యవస్థ కట్టించారు. రాజు తలచుకున్నాడు, ఖజానా తెరుచుకుంది. బరోడా గొప్పే. కాదనేదేముంది?

తెలుగు జిల్లాల్లో తలచుకునే రాజు లేడు. మద్రాసు సర్కారుకు పల్లెటూరి గ్రంథాలయం పట్టదు. పైగా వందేమాతరం వేడి చల్లారని రోజుల్లో పదిమంది కుర్రాళ్లు రాత్రిపూట ఒకచోట చేరి పత్రిక చదువుకుంటుంటే పోలీసుకు అనుమానం. కాబట్టి ఇక్కడ వ్యవస్థ కింది నుంచి పైకి లేవాల్సి వచ్చింది. ఇల్లిచ్చినవారు కొందరు, చందా ఇచ్చినవారు కొందరు, ఏమీ ఇవ్వలేక సాయంత్రాలిచ్చినవారు ఎక్కువమంది. మద్రాసు నగరంలో గ్రంథాలయ సంఘం 1928లో పుట్టింది. అప్పటికి బెజవాడ సంఘానికి పద్నాలుగేళ్లు.

ఈ కింది నుంచి లేచిన కట్టడానికి చక్కని సాక్ష్యం చీరాల పక్కన వేటపాలెం. చేనేత మగ్గాల ఊరు. 1918 అక్టోబర్ 15న ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి, ఆయన ఈడు కుర్రాళ్లు కలిసి హిందూ యువజన సంఘం తరఫున చిన్న గ్రంథాలయం పెట్టుకున్నారు. అదే ‘సారస్వత నికేతనం’ అయింది. పదకొండేళ్లు తిరిగేసరికి, 1929లో, దాని కొత్త భవనానికి శంకుస్థాపన చేయడానికి గాంధీజీ వచ్చారు. ఈనాటికీ తెలుగు పత్రికల చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్లు పాత సంచికల కోసం వేటపాలెం రైలెక్కుతారు. మహానగరాలు పారేసుకున్న కాగితాలు ఆ ఊళ్లో పదిలంగా ఉన్నాయి. దాచుకోవడం తెలిసిన కుర్రాళ్లు అక్కడ ఉండబట్టి.

హైదరాబాద్ చెప్పిన పాఠం

హైదరాబాద్ సంస్థానంలో కథ మరో రకం. అక్కడ రాజున్నాడు. కానీ రాజభాష ఉర్దూ. బడిలో తెలుగుకు చోటు తక్కువ, బజారులో మర్యాద తక్కువ. 1901 సెప్టెంబర్ 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు కలిసి హైదరాబాద్ నగరంలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని స్థాపించారు. బెజవాడ సంఘానికంటే పదమూడేళ్లు పెద్దది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం. పేర్లలోనే పట్టుదల వినిపిస్తుంది. గ్రంథాలయమని కాకుండా ‘భాషా నిలయ’మన్నారు. ఇల్లులేని భాషకు ఇల్లు కట్టారు.

ఆ ఇల్లు ఎందుకు కావాల్సి వచ్చిందో 1921 నవంబర్‌లో తేటతెల్లమైంది. నగరంలోని వివేకవర్ధిని థియేటర్లో జరిగిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభ గోలచేసి కూర్చోబెట్టింది. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది ముందుగా చేపట్టిన పనుల్లో ఊరూరా గ్రంథాలయాలు, పఠనమందిరాలు పెట్టడం ఒకటి. రాజకీయ సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. పదిమంది కూర్చుని చదువుకోవడాన్ని ఆపడం అంత సులువు కాదు. తెలంగాణలో గ్రంథాలయమంటే కప్పున్న రచ్చబండ.

అక్కడా పుస్తకానికి కాళ్లయిన మనుషులున్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో ‘దేశోద్ధారక గ్రంథమాల’ పెట్టి, అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకుంటూ ఊళ్లు తిరిగారు. వంటమనిషిగా, హోటల్లో సర్వరుగా బతికి, అక్షరాన్ని పట్టుకుని పైకొచ్చిన మనిషి. నిజామాబాద్ జైల్లో కవి దాశరథికి తోడున్నదీ ఆయనే. పుస్తకం మోసిన భుజానికి సంకెళ్లు బరువనిపించి ఉండవు.

మూడేళ్ల జైలు, ఇరవై ఆరేళ్ల అధ్యక్షత

బెజవాడ సంఘానికి 1934 నుంచి అధ్యక్షుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. వందేమాతరం అన్నందుకు రాజమండ్రి ట్రెయినింగు కాలేజీ నుంచి గెంటేశారు. ‘స్వరాజ్య’ పత్రికలో ‘విపరీత బుద్ధి’ అనే వ్యాసానికి 1908లో జైలు. ముందు ఆరు నెలలు వేశారు, చాలదని సర్కారు పై కోర్టుకెళ్లి మూడేళ్లు చేయించింది. తెలుగువాళ్లలో తొలి రాజకీయ ఖైదీ ఆయనే.

ఒక్క వ్యాసానికి మూడేళ్లు. చదివేవాళ్లంటే సర్కారుకు ఎంత భయమో ఆయనకంటే బాగా తెలిసినవాడు ఇంకొకడు ఉండడు. జైలు నుంచి వచ్చాక ఆయన జీవితం రెండు పనుల మీద నిలిచింది. వయోజన విద్య, గ్రంథాలయం. రెండూ ఒకే బండికి రెండు చక్రాలని ఆయనకు తెలుసు. అక్షరం వచ్చినవాడికి పుస్తకం దొరక్కపోతే ఏడాది తిరిగేసరికి అక్షరం మరచిపోతాడు. పాతూరి కార్యదర్శిగా, గాడిచర్ల అధ్యక్షుడిగా సంఘం ఊరు దాటి రాజధాని తలుపు తట్టింది. గ్రంథాలయం దయాధర్మమ్మీద బతకకూడదు, చట్టం కావాలి, పన్ను కావాలి అంది. బెజవాడ పటమటలోని సంఘ కార్యాలయానికి ఇవాళ ఆయన పేరే: సర్వోత్తమ భవనం.

పోరాడి అడిగింది దక్కింది కూడా. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు గ్రంథాలయాల చట్టం వచ్చింది. 1955లో హైదరాబాద్ రాష్ట్రానికి మరో చట్టం. రాష్ట్రాలు కలిశాక 1960లో రెంటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. అదే ఏడు, నాలుగేళ్లకోసారి వచ్చే ఫిబ్రవరి 29న, గాడిచర్ల కన్నుమూశారు.

రూపాయికి ఎనిమిది పైసలు

చట్టంతో జిల్లాకో గ్రంథాలయ సంస్థ వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. గ్రంథపాలకుడికి జీతం, పుస్తకాలకు బడ్జెట్. చందాల పుస్తకం పట్టుకుని తిరిగిన తరానికి ఇంతకంటే ఏం కావాలి? పెళ్లి చేసి పంపిన ఆడపిల్ల తండ్రిలా సంఘం ఊపిరి పీల్చుకుంది.

అత్తింటి కష్టాలు తర్వాత తెలిశాయి. పన్ను వసూలు చేసేది మున్సిపాలిటీలు, పంచాయతీలు. చేసిన పన్ను సంస్థకు జమ చేయరు. కోట్ల బకాయిలన్న వార్త ఏటా ఏదో ఒక జిల్లా పేజీలో కనబడుతూనే ఉంటుంది. సంస్థ అధ్యక్ష పదవి పార్టీ పెద్దలు పంచే నామినేటెడ్ పోస్టయింది. రిటైరైన గ్రంథపాలకుడి కుర్చీ ఖాళీగానే ఉంటుంది. పక్క ఊరి గ్రంథపాలకుడు వారంలో రెండు రోజులొచ్చి తాళం తీస్తాడు. తాళం! ఎక్కడ మొదలయ్యామో అక్కడికే వచ్చాం.

ఇవన్నీ పైకి కనబడే జబ్బులు. అసలు లోటు ఇంకొకటుంది. చట్టం భవనానికి డబ్బిచ్చింది, కుర్చీకి జీతమిచ్చింది. నడిచే కాళ్లకు మాత్రం పద్దు రాయలేదు. చదివి వినిపించేవాడు, పుస్తకం ఇంటికి తెచ్చిచ్చేవాడు, ‘ఇది చదివావా?’ అని పలకరించేవాడు ఏ ఉద్యోగ పట్టికలోనూ లేరు. వాళ్లు సంఘం మనుషులు. సర్కారు చూసుకుంటోందిలే అని ఊరు అనుకున్న రోజున వాళ్లు ఇళ్లకెళ్లిపోయారు.

వెళ్లనివాళ్లూ లేకపోలేదు. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి అనే అధ్యాపకుడు, శిథిలమైన సి.పి. బ్రౌన్ బంగళా స్థలంలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం రావాలని పట్టుబట్టారు. 1980లలో మొదలుపెట్టి గడప గడపా తిరిగి విరాళాలు, పుస్తకాలు, తాళపత్రాలు పోగుచేశారు. తెలుగు పుస్తకాల కోసం బ్రౌన్ పండితులను పెట్టి రాతప్రతులు రాయించిన చోటే ఇవాళ పరిశోధకులు చదువుకుంటున్నారు. జనం ఆయన్ని ‘బ్రౌన్ శాస్త్రి’ అన్నారు. అయ్యంకికి 1972లో పద్మశ్రీ ఇచ్చారు. ఈ ‘బ్రౌన్ శాస్త్రి’ కూడా దానికి తీసిపోని బిరుదే.

నవంబర్ 14 ఎవరిది?

నవంబర్ 14 నుంచి 20 వరకు దేశమంతా గ్రంథాలయ వారోత్సవాలు. నెహ్రూ పుట్టినరోజని ఆ తేదీ పెట్టారని చాలామంది అనుకుంటారు. బడిపిల్లలు గ్రంథాలయానికి వచ్చి బాలల దినోత్సవమే చేసుకుని వెళ్తారు. నిజానికి 1919లో అదే తేదీన మద్రాసులో తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. బరోడా గ్రంథాలయాల అధికారి కుడాల్కర్ అధ్యక్షుడు. దాన్ని కూడగట్టినవారు అయ్యంకి. అంటే వారోత్సవాల తేదీ బెజవాడ నుంచి దేశానికి వెళ్లిన కానుక. మన గ్రంథాలయాల గోడల మీద ఈ సంగతి రాసిపెట్టుకోవచ్చు.

నోటిఫికేషన్ రాని ఉద్యోగం

ఇవాళ హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. ఏ జిల్లా కేంద్రంలో గ్రంథాలయానికైనా వెళ్లండి. కూర్చోవడానికి చోటుండదు. టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, తన పుస్తకాలు తానే తెచ్చుకుని పొద్దున తలుపు తీసినప్పటి నుంచి రాత్రి మూసేదాకా చదివే నిరుద్యోగ యువత. చెట్టు కింద, మెట్ల మీద, సైకిల్ స్టాండ్ పక్కన కూడా వాళ్లే. గ్రంథాలయాలు చచ్చిపోయాయనేవాళ్లు అటువైపు వెళ్లలేదనుకోవాలి.

ఆ గుంపులో చూపులేని అభ్యర్థులూ ఉంటారు. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో తయారవుతుంటారు. వాళ్లకు పుస్తకాల కొరత కంటే చదివి వినిపించే గొంతు కొరత ఎక్కువ. పరీక్షలో వాళ్లు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే చెయ్యి దొరకడం ఇంకా కష్టం. పక్క బల్ల మీద కూర్చున్న కుర్రాడు రోజుకో గంట పైకి చదివితే ఇద్దరికీ పాఠం వస్తుంది. చిలకమర్తి చదువు అలాగే సాగింది.

బెజవాడ సంఘం నూటపదేళ్ల కిందట కనిపెట్టిన రహస్యం ఇదే. దానికి పడవక్కర్లేదు, చట్టసవరణ అక్కర్లేదు. చదివి వినిపించే మనిషి కావాలి, అంతే. ఆ ఉద్యోగానికి నోటిఫికేషన్ రాదు. వయోపరిమితి లేదు. 1914 నుంచీ ఖాళీలు ఉన్నాయి.